ఆఖరి లైన్లో ఫిడేలు

మొన్న ఆదివారం పొద్దున్నే మా తమ్ముడు ఫ్యామిలీ గ్రూపులో ఓ పేపర్ కటింగ్ ఫోటో పెట్టాడు. కింద ఒక్క దణ్ణం బొమ్మ, అంతే, ఇంకో ముక్క లేదు. పెద్దది చేసి చూస్తే మా మేనకోడలి కచేరీ మీద రివ్యూ. చెన్నైలో మార్గళి, అంటే మన ధనుర్మాసం, సంగీత సీజన్లో కుర్రవాళ్ళ కోసం మధ్యాహ్నం పూట టికెట్ లేని కచేరీలు పెడతారు కదా, అందులో వాయించింది, వయొలిన్ సోలో. ఇరవై రెండేళ్ళ పిల్ల. పేపర్లో మూడు కాలమ్‌లు, పైన ఫోటో, హెడ్డింగులోనే దాని పేరు. నాలుగు సార్లు చదివాను. వయసుకి మించిన పరిణతి అన్నారు, సరే, పైకొస్తున్న ప్రతి పిల్లకీ పిల్లాడికీ ఆ మాట రాస్తారు, రాయాలి కూడా. కానీ దాని కింద ఇంకో వాక్యం ఉంది, ఆలాపనలో కమాను, అదే తీగల మీద రాసే కర్ర, ఎక్కడ తిరిగిందో చెవికి తెలియలేదు అని. ఆ వాక్యం దగ్గర నాకు కళ్ళు మసకబారిపోయాయి, ఫోన్ పక్కన పెట్టేశాను.

తర్వాత ఏమనిపించిందో, స్టూలు వేసుకుని అటక మీంచి నా పాత ఫిడేలు పెట్టె దించాను. ఎన్నాళ్ళయిందో అది తెరిచి. తీగలు రెండు తెగి ముడుచుకుపోయి ఉన్నాయి, కమాను వెంట్రుకలు సగం ఊడిపోయాయి, కానీ మూలన చిన్న అరలో పాత జేబురుమాల్లో చుట్టిన, కమానుకి రాసే రోజిన్ బిళ్ళ అలాగే ఉంది. తేనెరంగు బిళ్ళ, మధ్యలో కమాను రాసీ రాసీ గాడి పడింది. గోరుతో గీకి ముక్కు దగ్గర పెట్టుకున్నా. సాంబ్రాణికీ, అప్పుడే చిత్రిక పట్టిన కర్రకీ మధ్యలో ఉంటుంది ఆ వాసన. అంతే, విజయనగరం వచ్చేసింది.

*

మా మాస్టారి ఇల్లు అయ్యకోనేరు గట్టు దగ్గర. ముందు చిన్న అరుగు, లోపల పొడుగాటి గది, నేలమీద ఈతచాప. నాకు ఎనిమిదేళ్ళు వచ్చాక మా తాతగారు తీసుకెళ్ళి అక్కడ కూర్చోబెట్టారు. పొద్దున్న అయిదున్నరకల్లా వెళ్ళాలి. ఆ టైముకి ఊళ్ళో ఏం చప్పుళ్ళు ఉండేవో ఇప్పటికీ చెప్పగలను, రాయగడ వైపు పోయే పాసింజరు కూత, పాలవాడి సైకిలు వెనక క్యాన్లు కొట్టుకునే చప్పుడు, మాస్టారి భార్య, మేమంతా అమ్మగారు అనేవాళ్ళం, వాకిట్లో కళ్ళాపి చల్లుతుంటే ఆ నీళ్ళ చప్పుడు. వీటన్నిటి కింద శ్రుతిపెట్టె. ఇప్పట్లాగా ఎలక్ట్రానిక్ డబ్బాలు కాదు, చేత్తో తిత్తి ఊదేది. చిన్నవాళ్ళం కాబట్టి తిత్తి వంతు మాదే, ఒక్క క్షణం చెయ్యి ఆగితే శ్రుతి జారిపోయేది, మాస్టారు తల తిప్పి చూసేవారు, ఆ చూపుకే చెయ్యి మళ్ళీ కదిలేది.

సరళీ స్వరాలు మూడు కాలాల్లో, జంట స్వరాలు, అలంకారాలు, ఇవి అందరికీ ఉండేవే. మా మాస్టారిది మాత్రం ఒక ప్రత్యేకమైన సాధకం ఉండేది. ఆయన మాకు వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చునేవారు. మేం ఒక్కొక్కళ్ళం షడ్జమం, అంటే 'స', పట్టాలి. పదహారు లెక్క పెట్టేదాకా కమాను మొదటి నుంచి చివరికి వెళ్ళాలి, మళ్ళీ పదహారుకి వెనక్కి రావాలి. అంతే పాఠం. కమాను తిరిగిన చోట గరుకు వినబడిందా, గోడవైపు నుంచి 'ఊఁ' అనేవారు. తిట్టేది లేదు కొట్టేది లేదు, ఉత్త ఊఁ. నాలుగు సార్లు తిప్పినా ఆ ఊఁ రాకుండా ఉంటే ఆ రోజుకి గీతమో వర్ణమో ముందుకి జరిగేది, లేకపోతే లేదు. నాకు చాలా రోజులు ముందుకి జరగలేదు.

ఊఁ రానివాడు మాలో ఒక్కడే. మాకంటే పదేళ్ళు పెద్ద, మేమంతా ఫిడేలన్నయ్య అని పిలిచేవాళ్ళం. వాళ్ళ నాన్న సన్నాయి వాయించేవారు, చుట్టుపక్కల ఊళ్ళలో పెళ్ళిళ్ళకీ, గుళ్ళకీ. మూఢం వచ్చి పెళ్ళిళ్ళు లేని నెలల్లో ఆ ఇంట్లో ఎలా గడిచేదో నాకు అప్పట్లో తెలీదు, తెలిసే వయసూ కాదు. అన్నయ్య చద్దన్నం గిన్నె గుడ్డలో కట్టుకుని వచ్చేవాడు, పాఠం అయ్యాక వెనక అరుగు మీద కూర్చుని తినేవాడు. అమ్మగారు ఊరగాయ ముక్క వేసి వెళ్ళేవారు. ఎడమచేతి వేళ్ళకి ఎప్పుడూ కొబ్బరినూనె రాసుకుని ఉండేవాడు, గమకం జారాలంటే వేలు తీగమీద పాకాలి కదా. ఆ నాలుగు వేళ్ళ కొసల మీదా నల్లటి గీతలు, తీగ కోసిన గాట్లు. నా వేళ్ళకి అవి ఎప్పుడు పడతాయా అని రోజూ చూసుకునేదాన్ని.

*

మా తాతగారికి సంగీతం వాయించడం రాదు, వినడం వచ్చు. ఆ ఊళ్ళో అది చిన్న విషయం కాదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారిని ఎదురుగా కూర్చుని విన్నవారు ఆయన. ఎప్పుడు ఆ కథ ఎత్తినా అరుగు మీద వెన్ను నిటారుగా పెట్టి మరీ చెప్పేవారు. 1919లో మహారాజావారు సంగీత కళాశాల పెట్టారు, ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. చూపు సరిగ్గా ఆనక బడి చదువు ఆగిపోయి, అన్నగారి దగ్గర ఫిడేలు నేర్చుకున్న పాతికేళ్ళ కుర్రాడు విశాఖపట్నం నుంచి అక్కడ విద్యార్థిగా చేరదామని వచ్చాడట. వాయించమన్నారు. విన్నారు. "చేర్చుకోండి బాబూ అని వచ్చినోడికి పాఠం చెప్పే కుర్చీ ఇచ్చేశారే!" అనేవారు తాతగారు, ఆ 'ఇచ్చేశారే' దగ్గర ఆయన గొంతు ప్రతిసారీ ఒకేలా వణికేది. ఆ కుర్రాడే నాయుడుగారు. 1936లో ఆ కాలేజీకి ప్రిన్సిపాలయ్యారు, 1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ సంగీత కళానిధి అని బిరుదిచ్చింది, 1952లో ప్రపంచమంతా పేరున్న వయొలిన్ విద్వాంసుడు యెహుదీ మెనూహిన్ మన దేశం వచ్చినప్పుడు నాయుడుగారి వాద్యం విని మెచ్చుకున్నారు.

తాతగారికి వీటన్నిటికంటే పెద్ద సంగతి ఇంకోటి ఉండేది. 1938లో వేలూరులో నాయుడుగారు ఫిడేలు మీద సోలో కచేరీ చేశారు, పక్కవాద్యంగా కూర్చోవడం కాదు, కచేరీయే ఫిడేలుది. "అప్పటిదాకా ఫిడేలంటే పాట వెనకాల నడిచేదమ్మా, నాయుడుగారు దాన్ని ముందుకి తెచ్చి కూర్చోబెట్టారు" అనేవారు. మా మాస్టారు కూడా చెప్పేవారు, ఈ వాద్యం మన సంగీతంలోకి వచ్చి రెండొందల ఏళ్ళేనని, ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడు బాలుస్వామి దీక్షితులు మద్రాసులో తెల్లవాళ్ళ దగ్గర నేర్చుకుని మన పద్ధతికి తిప్పారని. దాన్ని ఒళ్ళోకి తెచ్చుకుని, తల భాగాన్ని కాలి చీలమండ మీద ఆనించి, బాసింపట్టు వేసుకుని వాయించడం మన వాళ్ళ ఏర్పాటు. ఆ రెండొందల ఏళ్ళలో ఎక్కువ కాలం అది పక్కనే కూర్చుంది.

పక్కన కూర్చున్నవాళ్ళ గురించి పేపర్లో ఏం రాసేవారో మీకు తెలిసే ఉంటుంది. ఊళ్ళో కచేరీ అయితే వార్త మొదట్లో జ్యోతి ప్రజ్వలన ఎవరు చేశారు, అధ్యక్షత ఎవరు, శాలువా ఎవరు కప్పారు. తర్వాత గాయకుడి పేరు, పాడిన కీర్తనలు. ఆఖర్న, స్థలం మిగిలితే, వయొలిన్‌పై ఫలానావారు, మృదంగంపై ఫలానావారు చక్కని సహకారం అందించారు. ఆ 'చక్కని సహకారం' అనే ముక్కని ఎన్ని వందల సార్లు చదివుంటానో. మూడు గంటల పాటు ఎదుటి మనిషి గొంతు ఎక్కడికి పోతుందో ముందు తెలీకుండా, ఊపిరి బిగబట్టి, వెంట్రుకవాసి వెనకాల నీడలాగా నడిచిన మనిషికి రెండు మాటలు. పేజీలో చోటు చాలకపోతే అవీ ఎగిరిపోయేవి. నాకది ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటూనే ఉంటుంది.

*

విజయనగరం కొత్తగా జిల్లా అయిన రోజులు అవి. పుష్యమాసం, త్యాగరాజ ఆరాధన ఉత్సవాలు. చలి బాగా ఉంది, శాలువాలు కప్పుకుని వచ్చిన పెద్దవాళ్ళతో హాలు నిండిపోయింది. పాడటానికి బయటి ఊరి నుంచి పెద్ద విద్వాంసుడు ఒకాయన వచ్చారు. ఫిడేలు మా అన్నయ్య. అప్పటికి వాడికి పందొమ్మిదేళ్ళు ఉంటాయేమో. అంత పెద్దాయన పక్కన కూర్చోవడం అదే మొదలు.

చలికి తీగలు బిగించే బిరడాలు జారిపోతున్నాయి, ఎంత బిగించినా తీగ దిగిపోతోంది. వేదిక పక్కన గదిలో అన్నయ్య చెవి ఆనించి మళ్ళీ మళ్ళీ శ్రుతి చేస్తున్నాడు, నుదుటి మీద ఆ చలిలో చెమట. మాస్టారు నాకేసి చూసి "అమ్మా, సుద్దముక్క ఉందా?" అన్నారు. బడి నుంచి తిన్నగా వచ్చాను కాబట్టి సంచిలో ఉంది. ఆయన బిరడా బయటికి లాగి, సుద్ద రాసి, మళ్ళీ దూర్చి తిప్పారు. నిలబడింది. ఆ సుద్దముక్క నాది అన్న సంగతి కొన్ని నెలల పాటు బళ్ళో అందరికీ చెప్పుకున్నాను.

విద్వాంసుడు తోడి రాగం ఎత్తుకున్నారు. అరగంటకి దగ్గరగా పాడారు, కింది స్థాయి నుంచి పైకి మెట్టు మెట్టుగా, పెద్ద గొంతు, హాలు ఊగిపోయింది. ఆయన ఆపి అన్నయ్య వైపు చెయ్యి చూపించారు. ఇప్పుడు ఫిడేలు వంతు. అలాంటప్పుడు కుర్రవాళ్ళకి ఏమవుతుందంటే పెద్దాయన పాడిందంతా తిరిగి చూపించాలనిపిస్తుంది, వేగం చూపించాలనిపిస్తుంది. వాడు అదేం చెయ్యలేదు. మంద్రంలో ధైవతం మీద నెమ్మదిగా మొదలుపెట్టాడు. తోడి గాంధారం ఉంటుందే, దాన్ని ఊపుతూ అక్కడే ఉన్నాడు కాసేపు. పంచమం, అంటే 'ప', జోలికి పోలేదు. దాన్ని దాటుతున్నాడు, దాని పక్కనుంచి పోతున్నాడు, మళ్ళీ కిందికి వస్తున్నాడు, తగలట్లేదు. అదంతా వాళ్ళ నాన్న సన్నాయి. నాదస్వరం వాళ్ళకి తోడి సొంత ఇల్లు లాంటిది, రాజరత్నం పిళ్ళైగారి తోడి అంటే ఆ కాలం పెద్దలు చేతులెత్తి దణ్ణం పెట్టేవారు. ఆ పొడుగాటి ఊపిరి, ఒక్క ఊపిరిలో అంత దూరం వెళ్ళే పట్టు, చిన్నప్పటి నుంచి ఇంట్లో విన్నదే వాడి కమానులోకి వచ్చింది.

నేను మాస్టారినే చూస్తున్నా. మూడో వరసలో తల దించుకుని కూర్చున్నారు, కళ్ళు మూసుకుని. కమాను తిరిగినప్పుడల్లా నాకు ఆ ఊఁ వినబడుతుందేమోనని భయం. రాలేదు. అయిదారు నిమిషాలు వాయించి ఉంటాడు, అంతే, అప్పుడు వచ్చి పంచమం మీద కమాను ఆనించి అలా నిలబెట్టేశాడు. హాల్లో ముసలాళ్ళందరి నోట్లోంచీ ఒకేసారి "ఆఁ..." అని వచ్చింది. విద్వాంసుడు మైకు ముందే శభాష్ అన్నారు. అన్నయ్య తలెత్తలేదు, జేబురుమాలు తీసి తీగల కింద రాలిన తెల్లటి రోజిన్ పొడి తుడుచుకున్నాడు.

*

వార్త మూడో రోజుకి వచ్చింది. అప్పట్లో మా ఊరి విలేఖరి హైస్కూల్లో తెలుగు మాస్టారు, రాసిన కాగితాలు కవర్లో పెట్టి విశాఖ బస్సు డ్రైవరుకి ఇస్తే అక్కడ అచ్చయి వచ్చేది. ఆ రోజు ఫిడేలుకి విడిగా ఒక పేరా వచ్చింది. నాలుగైదు లైన్లు, అన్నయ్య ఇంటిపేరుతో సహా. ఆఖర్న కాదు, మధ్యలో.

అందులో ఏం రాశారో ఇప్పుడు ఎవర్నడిగినా ఒక్కో రకంగా చెప్తారు. తక్కువ వాయించి ఎక్కువ వినిపించాడు అని రాశారని మా తాతగారు చనిపోయేదాకా చెప్పారు. మంచి భవిష్యత్తు ఉన్న కుర్రాడు అని ఉందని అమ్మగారు. నాకు గుర్తున్నది వేరే, ఎండాకాలం బావిలోంచి తోడి తోడి చల్లటి నీళ్ళు పోసినట్టుంది ఆ తోడి అని. తెలుగు మాస్టారు కాబట్టి అలా రాసే ఉంటారని నా నమ్మకం. కటింగ్ ఎవరి దగ్గరా మిగల్లేదు. ఆ వేళ మా వీధిలో పేపర్లన్నీ చేతులు మారాయి, టీకొట్లో ఉన్నదాన్ని ఎవరో చింపుకుపోయారు, తాతగారు రెండు కాపీలు కొని రెండూ ఎవరికో ఇచ్చేశారు.

సాయంత్రం అన్నయ్య వాళ్ళ నాన్న మా ఇంటికొచ్చారు. అరుగు మీదకి ఎక్కకుండా కింద మెట్టు దగ్గరే నిలబడ్డారు, తాతగారు చెయ్యి పట్టుకుని పైకి తెచ్చి కూర్చోబెట్టారు. ఆయనకి అక్షరాలు రావు. "పాప చదువుతుందేటి బాబూ?" అని అడిగారు. నేను చదివాను. మొత్తం విని, "రాగం పేరు రాసేరా అమ్మా?" అన్నారు. రాశారు, తోడి అని ఉంది అన్నాను. ఎక్కడుందో చూపించమన్నారు. వేలు పెట్టి చూపించాను. ఆయన ఆ అక్షరాల మీద తన వేలు పెట్టుకుని చాలాసేపు అలా ఉండిపోయారు. సన్నాయి వాయించే వేళ్ళు, కొసలు చదునుగా అయిపోయి ఉన్నాయి. నేను పక్కనే కూర్చున్నాను, నాకు కదలబుద్ధి కాలేదు.

*

తర్వాత అన్నయ్య రేడియో ఆడిషన్ పాసయ్యాడు, బి గ్రేడు, కొన్నేళ్ళకి దాని పైమెట్టు బి హై. శ్రీకాకుళం నుంచి రాజమండ్రి దాకా ఎంతమంది పాటకి పక్కన కూర్చున్నాడో లెక్కలేదు. ఒకసారి ఒక సభవాళ్ళు కచేరీ అయ్యాక బస్సు ఛార్జీలు మాత్రం చేతిలో పెట్టి పంపించేశారు, రాత్రంతా బస్టాండులో ఫిడేలు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని పొద్దున్న బస్సుకి వచ్చాడు. ఆ సంగతి వాడు చెప్పలేదు, వదిన చెప్పింది. సోలోలు అయిదారు చేసి ఉంటాడు, అంతే. బళ్ళో సంగీతం మాస్టారుగా ఉద్యోగం, రిటైర్మెంటు. పేపర్లో మళ్ళీ ఆఖరి లైను, చక్కని సహకారం. ద్వారంవారి ఊళ్ళో పుట్టిన ఇంత మంచి ఫిడేలుకి ఇంకాస్త చోటు దొరకాల్సింది, ఈ మాట నేను ఎక్కడైనా గట్టిగానే అంటాను.

మా మేనకోడలికి తొమ్మిది పదేళ్ళప్పుడు రెండు ఎండాకాలాలు దాన్ని తీసుకుని విజయనగరం వెళ్ళాను. మాస్టారు అప్పటికే లేరు. ఈతచాప పోయి టైల్స్ నేల వచ్చింది, శ్రుతి ఫోన్లోంచి వస్తోంది. అన్నయ్య దానికి కొబ్బరినూనె ఎంత రాసుకోవాలో చూపించాడు, ఒక్క చుక్క, ఎక్కువైతే వేలు నిలబడదు. తర్వాత మాకు వీపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చున్నాడు. పిల్ల షడ్జమం పట్టింది. కమాను చివరికొచ్చి తిరిగింది. "ఊఁ."

నేను లేచి బయట అరుగు మీదకి వెళ్ళిపోయాను.

*

ఆదివారం సాయంత్రం ఫోన్ చేశాను. వాట్సాప్ చూడడు, చెవి కాస్త మందగించింది, అయినా ఫోన్లో నా గొంతు పట్టేస్తాడు. "అన్నయ్యా, పిల్ల గురించి పేపర్లో పడింది, పెద్దగా రాశారు, చదవనా?" అన్నాను. "చదువమ్మా, నెమ్మదిగా చదువు" అన్నాడు. ఇంగ్లీషులో ఉన్నదాన్ని తెలుగు చేసుకుంటూ చదివాను. మొదటి పేరాకి ఏమీ అనలేదు. పరిణతి దగ్గర ఏమీ అనలేదు. కమాను తిరిగిన చోటు తెలియలేదు అన్న వాక్యం చదివి ఆగాను. అవతల నుంచి ఏ చప్పుడూ లేదు, లైను కట్టయిందేమో అనుకుని హలో అన్నాను.

"ఉన్నానమ్మా" అన్నాడు. మళ్ళీ కాసేపు ఆగి, "పక్కన మృదంగం ఎవరు?"

చూశాను. చిట్టచివర ఉంది, ఒక్క లైను. పేరు, చక్కగా సహకరించారు అని.

"కుర్రాడేనా?"

ఫోటోలో పక్కగా సగమే కనబడుతున్నాడు, ఇరవై కూడా నిండినట్టు లేదు, మెడ వంచి దాని కమాను వైపే చూస్తున్నాడు. కుర్రాడే అన్నయ్యా అన్నాను.

"పేరు ఇంకోసారి చెప్పమ్మా, ఉండు, పెన్ను తెచ్చుకుంటా" అన్నాడు.